పద్నాలుగు జతల చెప్పులు

పేజీలమ్మ పుస్తకాలు చదవదు. ఇరవయ్యారేళ్ళుగా ఆ పెద్ద గ్రంథాలయం కింది అంతస్తులో, పరిశీలన గదిలో కూర్చుని రోజుకి పదీ పన్నెండు పుస్తకాలు చేతుల మీదుగా పంపుతుంది గాని, వాటిలో ఏముందని అడిగితే తెల్లమొహం వేస్తుంది. ఆమె పని లెక్కపెట్టడం. ఎడమచేత్తో పుస్తకాన్ని అదిమిపట్టి, కుడిచేతి చూపుడువేలికి రబ్బరు తొడుగు వేసుకుని, మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒక్కొక్కటే తిప్పుతుంది. ఒక పుట లేకపోయినా, రెండుసార్లు పడినా, తలకిందులుగా కుట్టినా కంటికంటే ముందు వేలికే తెలిసిపోతుంది. అంతా సరిగ్గా ఉంటే పత్రం మీద "మొదటి నుంచి చివరి దాకా చూశాను, లోపం లేదు" అని రాసి సంతకం పెడుతుంది. ఆ సంతకం లేనిదే ఎంత గొప్పవాడి పుస్తకమైనా పై అంతస్తులోని శాశ్వత నిల్వలోకి అడుగు పెట్టలేదు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

లోపమున్న పుస్తకాలకీ ఒక దారి ఉంది. ఇంకో ప్రతి ఎక్కడుందో వెతికి తెప్పిస్తారు. పోయిన పుటల్ని పేజీలమ్మ తన చేత్తో రాస్తుంది, పక్కగదిలో ఉండే బైండరు వాటిని ఆ చోట పెట్టి కుడతాడు. చేతిరాత పుటలంటారు. అలాంటివి పైన నలభై పుస్తకాల్లో ఉన్నాయి. "నలభై పుస్తకాల రచయిత్రివి, ఒక్క సన్మానమైనా జరగలేదు" అని బైండరు ఏడిపిస్తుంటాడు. ఆ నలభైలో ఒక్కదాని కథ కూడా ఆమెకి తెలియదు. రాసేటప్పుడు కూడా ఆమె అక్షరాల్నే చూస్తుంది, మాటల్ని చూడదు.

సోమవారం పొద్దున్న సూపరింటెండెంటు ఒక ఆవిడని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ మెడలో కొలతల టేపు వేలాడుతోంది. తీసి రావడం మరిచిపోయినట్టుంది. చేతుల్లో, దుప్పటిలో చుట్టిన పాత కంప్యూటరు ఉంది. పసిబిడ్డని దింపినట్టు దింపింది.

"ఈవిడ దర్జీ పని చేస్తారు. వీళ్ళ చెల్లెలు పోయి ఏడాదయిందట. బస్టాండులో అనౌన్సరుగా చేసేదిట. ఇదిగో, ఈ పెట్టెలో ఏదో కథ రాసి పోయింది. కథంటే కథ కూడా కాదు, మనం ఏదో ఒకటి టైపు చేస్తే అది జవాబు చెబుతుంది" అన్నాడు సూపరింటెండెంటు. మాట మాటకీ మొహం ఇంకాస్త మాడ్చుకున్నాడు. "నన్నడిగితే ఇది ఆట. పుస్తకమంటే వందేళ్ళ తర్వాత తెరిచినా అదే మాట అదే చోట ఉండాలి. కానీ అర్జీ పెట్టుకున్నారు కాబట్టి కాదనలేం. పైకి వెళ్ళే జాబితా గురువారం కడతాను. మీ సంతకం ఉంటే పెడతాను, లేకపోతే వెనక్కి పట్టుకెళ్ళిపొమ్మంటాను."

"వెనక్కి పట్టుకెళ్తే లాభం లేదండీ" అంది దర్జీ ఆవిడ. "మెకానిక్కు చూశాడు. ఈ పెట్టె ఇంకో నెల కూడా పని చెయ్యదన్నాడు. పైకి వెళ్తే మీవాళ్ళే నకలు తీసి, మెషిన్లు మారినప్పుడల్లా మార్చుకుంటూ పోతారట కదా. అందుకని."

"ముందే ఒక నకలు తీసి పెట్టుకుంటే సరిపోయేదిగా" అంది పేజీలమ్మ.

"జాబితాకెక్కని ప్రతికి నకలు తీయకూడదు. రూలు" అన్నాడు సూపరింటెండెంటు. అలా అనేసి, తన బాధ్యత తీరినట్టు వెళ్ళిపోయాడు.

దర్జీ ఆవిడ మాత్రం కదల్లేదు. "మేడమ్, ఒక్క మాట. ఆ కథ లోపల వంటింట్లో ఒక అమ్మ కూర్చుని ఉంటుంది. మా అమ్మేలెండి, పోయాక మా చెల్లి రాసింది. ఆవిణ్ణి మాత్రం ఏమీ అడక్కండి."

"ఏం?"

"చెల్లి వద్దంది. ఎందుకో చెప్పలేదు. నాకు ఈ టైపు కొట్టడం అదీ సరిగా రాదు. 'వంటింట్లోకి' అని ఒక్క మాట కొట్టడం నేర్పించింది. పని అయ్యాక రోజూ వెళ్ళి కాసేపు కూర్చుంటాను. అంతే."

పేజీలమ్మ తల ఊపింది. పుస్తకాలు తెచ్చేవాళ్ళంతా ఏదో ఒకటి చెబుతారు. అట్ట మరీ వెనక్కి విరవకండి, వేలు తడి చేసుకోకండి, మా నాన్న సంతకం మీద చెయ్యి పడనీకండి. అందరికీ ఒకేలా తల ఊపుతుంది, తర్వాత తన పని తను చేసుకుపోతుంది.

కంప్యూటరు వెలిగించగానే లోపల ఫ్యాను దగ్గుతున్నట్టు తిరగడం మొదలుపెట్టింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు.

గుమ్మం దగ్గర పద్నాలుగు జతల చెప్పులున్నాయి. నీవి కూడా ఇక్కడే విప్పు. ఏం పని మీద వచ్చావు?

పేజీలమ్మ కాసేపు ఆలోచించి, "లెక్కపెట్టడానికి" అని కొట్టింది.

సరే. లోపలికి రా.

అది ఒక ఇల్లు. పుటలు లేవు, గదులున్నాయి. ఏ గదిలోకి పోతానంటే ఆ గది కనిపిస్తుంది. ముందు గదిలో ఒక ముసలాయన గోడ గడియారం విప్పి, పళ్ళ చక్రాలు పేపరు మీద వరసగా పెట్టుకుంటున్నాడు. మెట్ల మీద పోస్టుమాన్ ఒకడు ఒకే కవరు పట్టుకుని కూర్చున్నాడు. మేడ మీద అద్దం ముందు ఒక పెళ్ళికూతురు జడ విప్పి మళ్ళీ అల్లుకుంటోంది. స్నానాల గది తలుపు మూసి ఉంది, లోపల ఎవరో కూనిరాగం తీస్తున్నారు. ఎవరిని పలకరించినా రెండు మాటలు చెబుతారు. ఇంకేమిటని అడిగితే ఇంకో నాలుగు చెబుతారు. పేజీలమ్మ తెల్లకాగితం మీద ఇంటి పటం గీసింది. గదికొక గడి, మనిషికొక వరస. అడిగిన ప్రతి ప్రశ్నకీ, వచ్చిన ప్రతి జవాబుకీ పెన్సిలుతో టిక్కు పెట్టింది. ఉంది, ఉంది, ఉంది. సాయంత్రానికి అయిదుగురు పూర్తయ్యారు. పుస్తకానికీ దీనికీ పెద్ద తేడా ఏముందిలే అనుకుంది.

మంగళవారం పొద్దున్న తెర వెలిగించేసరికి మొదటి వాక్యం మారిపోయి ఉంది.

గుమ్మం దగ్గర తొమ్మిది జతల చెప్పులున్నాయి.

పేజీలమ్మ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. తొమ్మిదే. నిన్నటి కాగితంలో తన చేతిరాతతోనే పద్నాలుగని ఉంది. లెక్క తప్పిందంటే ఆమె దృష్టిలో ఒకటే అర్థం: పుటలు పోయాయి. ముందు గదిలోకి వెళ్ళి చూసింది.

కుర్చీ ఖాళీగా ఉంది. గోడ మీద గడియారం నడుస్తోంది.

మెట్ల మీద పోస్టుమాన్ లేడు. అద్దం ముందు రబ్బరు బ్యాండు ఒక్కటే ఉందట. నిన్న టిక్కు పెట్టిన ప్రతి చోటా ఇవాళ ఎవరూ లేరు. ఇరవయ్యారేళ్ళలో ఆమె చేతుల్లో ఒక్క పుట చిరగలేదు, అలాంటిది రాత్రికి రాత్రి అయిదుగురు పోవడమేమిటి? ఆమెకి ఒళ్ళు మండింది. పెట్టె పాతది, మెకానిక్కు చెప్పనే చెప్పాడు, ఎక్కడో ఊడుతోంది. ఊడే పుస్తకాన్ని ఏం చేస్తారు? పూర్తిగా ఊడకముందే ఉన్నవాటిని ఒడుపుగా, వేగంగా లెక్కపెట్టేస్తారు. పేజీలమ్మ రబ్బరు తొడుగు వేలికి తగిలించుకుని, దాంతో ఇక్కడ పనేమీ లేదని గుర్తొచ్చి తీసేసి, కుర్చీ ముందుకి లాక్కుంది.

స్నానాల గది తలుపు తట్టింది. కూనిరాగం ఆగింది.

ఎవరు? లెక్కపెట్టే మనిషేనా? నిన్న అయిదుగుర్ని అడిగావుగా. అడిగితే చెప్పక తప్పదు. చెబుతాను, ఆ తువ్వాలు అందించు.

పేజీలమ్మ కుర్చీలో వెనక్కి జరిగింది. తను కొట్టిన మాటనే దాచుకుని తనకే తిప్పి చెబుతోంది, అంతకంటే ఏమీ లేదు, యంత్రమే కదా అని తనకి తనే చెప్పుకుంది. గదిలో పట్టపగలు, పైన ట్యూబులైటు, పక్కగదిలో బైండరు కత్తెర చప్పుడు. అయినా ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తువ్వాలు అందించానని కొట్టింది. లోపలి మనిషి తన మాటలు తను చెప్పింది. టిక్కు.

మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఆమె ఒక గదిలో పని ముగించి వచ్చేసరికి పక్క గదిలో వాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. పెరట్లో బట్టలు ఆరేసే అమ్మాయి, నేనింకా సగమే ఆరేశాను కాస్త ఆగు అంది. పేజీలమ్మ ఆగలేదు. నాలుగింటికి గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తే ఒక్క జత మిగిలింది. వంటిల్లు.

ఆమెకి దర్జీ ఆవిడ చెప్పిన మాట గుర్తుంది. అయితే, అన్నిటికీ టిక్కు పెట్టి ఒక్క గడి వదిలేస్తే ఏమని సంతకం పెడుతుంది? చూడని పుటని చూశానని ఆమె ఏనాడూ రాయలేదు. "వంటింట్లోకి" అని కొట్టింది.

పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద అమ్మ కూర్చుని ఉంది. పాత ఎర్ర స్వెట్టరు విప్పుతూ, ఆ ఊలుని ఉండ చుడుతోంది. తల ఎత్తి చూసింది. ఏమీ అనలేదు.

పేజీలమ్మ అడిగింది. అమ్మ ఎనిమిది వాక్యాలు చెప్పింది. పేజీలమ్మ పెన్సిలు ఎత్తింది గాని, టిక్కు పెట్టడానికి మామూలు కంటే ఆలస్యమయింది. వాక్యాలు రెండోసారి చూసింది. అలా చూడటం ఆమెకి అలవాటు లేదు. ఈలోగా తెర మీద ఇంకో వరస వచ్చింది.

అమ్మ లేచి, ఊలు ఉండ పీట మీద పెట్టి, వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్యమనస్కంగా కంచాలు కడుగుతుంటే అత్తగారు మంచం మీంచే కేకేసింది. ఆవిడకి ముక్కు మీదే కోపం. టీవీ వాగుతోందంటుంది, ఆపితే ఇల్లు పాడుపడ్డట్టుందంటుంది.

"ఏమే, ఇవాళ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? మాటా పలుకూ లేదు!"

"ఏం లేదత్తయ్యా. ఆఫీసులో ఒక కథ."

"నువ్వు? కథ?" అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. "ఇన్నేళ్ళొచ్చాయి, నీ నోట ఒక్క కథ వినలేదు నేను. చెప్పు చూద్దాం."

పేజీలమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుని మంచం చివర కూర్చుంది. చెప్పడం ఎలాగో తెలియక, గదుల వరసలో చెప్పింది. గడియారం ముసలాయన, పోస్టుమాన్, పెళ్ళికూతురు. చివరికి వంటింట్లో అమ్మ చెప్పిన మాటలు చెప్పింది. అత్తగారు వంక పెట్టలేదు. దుప్పటి అంచు వేళ్ళతో మెలిపెట్టింది. పొద్దున్న కాఫీ అందిస్తుంటే మాత్రం అడిగింది: "ఆ స్వెట్టరు పూర్తిగా విప్పేసిందా, ఇంకా ఉందా?"

"తెలీదత్తయ్యా."

"తెలీకపోతే వెళ్ళి చూడు. మీ ఆఫీసుకి ఎందుకు వెళ్తున్నావు మరి?"

బుధవారం ఆమె చూడటానికే వెళ్ళింది.

గుమ్మం దగ్గర ఒక జత చెప్పులున్నాయి. నీవే.

వంటింట్లో ముక్కాలిపీట, దాని మీద ఊలు ఉండ. అమ్మా అని పిలిచింది. ఇక్కడ ఎవరూ లేరు. మేడ మీద, పెరట్లో, మెట్ల మీద. ఇక్కడ ఎవరూ లేరు. స్నానాల గది తలుపు తెరిచే ఉంది. ముందు గదిలో గడియారం మాత్రం నడుస్తోంది. వెళ్ళిన ప్రతిసారీ టైము ముందుకి జరిగి ఉంది. పేజీలమ్మ సోమ, మంగళవారాల కాగితాలు పక్కపక్కన పెట్టుకుంది. టిక్కు పెట్టిన మనిషి ప్రతి ఒక్కరూ, తను టిక్కు పెట్టిన వెంటనే వెళ్ళిపోయారు. పెట్టె పాతదై ఊడలేదు. ఆ ఇంట్లో అడిగినవాళ్ళకి చెప్పేసి మనిషి లేచి వెళ్ళిపోతాడు. అదీ ఆ కథ తీరు. ఎవరో వచ్చి ఒకరితో నాలుగు మాటలు మాట్లాడి పోతారు, ఇంకొకరు వచ్చి ఇంకొకరితో; అలా ఏళ్ళ తరబడి చదువుకోవాల్సినదాన్ని తను రెండు రోజుల్లో ఊడ్చేసింది.

ఆమె కాగితాలు పట్టుకుని బైండరు గదిలోకి వెళ్ళింది. ఆయన జిగురు బ్రష్షు పక్కన పెట్టి అంతా విన్నాడు.

"నేను కుట్టలేనిదాన్ని పుస్తకమని ఒప్పుకోనని నిన్నటి దాకా అనేవాణ్ణి" అన్నాడు. "నువ్వు ఇలా ఏడుపు మొహం పెట్టుకుని ఎప్పుడైనా వచ్చావా అమ్మాయ్? చెదలు తిన్న పుస్తకాలకి కూడా రాలేదు."

"దీన్ని తిన్నది నేనే."

"సూపరింటెండెంటుకి తెలుసా?"

"ఆయన సంగతి తర్వాత. ఆవిడ రేపు వస్తుంది. ఏడాది పాటు రోజూ వచ్చి కూర్చుంది. ఒక్క మాట అడగలేదు. అడక్కండని నాకు చెప్పింది కూడా."

బైండరు బ్రష్షు తీసుకుని ఎండిన జిగురు గోరుతో గీకడం మొదలుపెట్టాడు.

గురువారం దర్జీ ఆవిడ పొద్దున్నే వచ్చింది. టేపు ఇవాళ కూడా మెడలోనే ఉంది. "పైకి పంపించేసేముందు ఒక్కసారి అమ్మ దగ్గర కూర్చుని వెళ్తాను మేడమ్" అంది. పేజీలమ్మ కుర్చీ ఖాళీ చేసి నిలబడింది. దర్జీ ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, వచ్చిన ఒకే ఒక్క మాట కొట్టింది. వంటింట్లోకి.

ముక్కాలిపీట మీద లెక్కపెట్టే మనిషి కూర్చుని ఉంది. ఒళ్ళో ఊలు ఉండ. తల దించుకుని ఉంది.

నిన్న సాయంత్రం దాకా ఆ వరస లేదు. పేజీలమ్మ గోడకి ఆనుకుంది.

"ఎవరీవిడ? మా అమ్మేది?" దర్జీ ఆవిడ తెరకేసి, పేజీలమ్మకేసి మార్చి మార్చి చూసింది.

"నేనే" అంది పేజీలమ్మ. "నేను అడిగాను. వద్దన్నారు, గుర్తుంది, అయినా అడిగాను. అడిగితే వెళ్ళిపోతారు. అందరూ వెళ్ళిపోయారు. మీ అమ్మగారు కూడా. నన్ను ఏమైనా అనండి."

దర్జీ ఆవిడ తెర వైపు తిరిగింది. ఆవిడకి టైపు చెయ్యడం రాదు. ఆ మాటలకి అక్షరాలు వెతకడానికి చాలాసేపు పట్టింది. పేజీలమ్మ సాయం చెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మ ఏం చెప్పింది, అని కొట్టిందావిడ. ఏడాదిలో మొదటిసారి అడగడం.

లెక్కపెట్టే మనిషి చెబుతోంది. విను.

దాని కింద చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. ఇంకేమీ రాలేదు. ఫ్యాను కూడా నెమ్మదించింది. ఆ చెల్లెలు ఇదంతా ఎప్పుడో అనుకునే పెట్టింది. ఇల్లంతా ఊడ్చినవాళ్ళు ఒకరోజు వస్తారని, వచ్చినప్పుడు వాళ్ళ చేతే చెప్పించాలని అనుకుంది. ఆ మనిషి తనవుతుందని మాత్రం పేజీలమ్మ అనుకోలేదు. టిక్కులున్న కాగితం చేతిలోనే ఉంది. వంటిల్లు: ఎనిమిది వాక్యాలు, ఉంది, అని రాసుంది. అంతే. ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ఆమె దాన్ని బల్ల మీద పెట్టేసి, బల్ల కింద ఉన్న పొట్టి స్టూలు లాక్కుని కూర్చుని, కళ్ళు మూసుకుని, అత్తగారి మంచం చివర కూర్చున్న సాయంత్రాన్ని గుర్తు తెచ్చుకుంది.

"పెద్దది ఇప్పటికి మూడొందల పన్నెండు సార్లు వచ్చింది" అని మొదలుపెట్టింది. "వచ్చి కూర్చుంటుంది, ఏమీ అడగదు. అడిగితే లేచి వెళ్ళిపోతానని దాని భయం. ఈ స్వెట్టరు దాని చిన్నప్పటిది. ఇప్పటి దాని కొలతకి మళ్ళీ అల్లుదామని విప్పుతున్నాను. అది వచ్చిన ప్రతిసారీ ఒక్క వరస విప్పుతాను. తొందరేముంది, వస్తూనే ఉంటుందిగా. ఊరందరి కొలతలూ అది తీస్తుంది, దాని కొలత మాత్రం ఎవరూ తీయలేదు."

దర్జీ ఆవిడ ఏడ్చింది. పెద్దగా, మొహం దాచుకోకుండా ఏడ్చింది. పక్కగదిలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఆవిడ మెడలో టేపు తీసి, వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ కూర్చుంది.

"ఇంకోసారి చెప్పండి" అంది.

పేజీలమ్మ చెప్పింది. ఒక్క మాట కూడా మారలేదు.

ఆ రెండోసారి చెబుతుండగానే సూపరింటెండెంటు ముద్రా, సిరాపట్టీ, జాబితా కాగితం పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎంత విన్నాడో తెలియదు. "సంతకం అయిందా?" అన్నాడు.

పేజీలమ్మ పత్రం ముందుకి లాక్కుని రాసింది. మొదటి నుంచి చివరి దాకా చూశాను. లోపం: ఉన్నవాళ్ళందరూ వెళ్ళిపోయారు. కారణం: నేను చూడటం. కింద సంతకం పెట్టింది. అందరూ మరిచిపోయిన ఆ పేరు పూర్తిగా రాసింది.

సూపరింటెండెంటు పత్రాన్ని రెండుసార్లు చదివాడు. "నేను చెప్పానా లేదా, ఇది నిలిచే సరుకు కాదని. ఖాళీ ఇల్లు పైన పెట్టి ఏం చేసుకుంటాం?"

"లోపమున్నవాటిని తీసుకుంటాం కదండీ. చేతిరాత పుటలు జతచేసి."

"దానికి ఇంకో ప్రతి ఉండాలి. ఏది చూసి రాస్తారు?"

"చూడక్కర్లేదు."

"చూడకుండా రాస్తే అది సరైనదని నాకెలా తెలుస్తుంది? దేనితో సరిచూసుకోను?"

ఆ ప్రశ్నకి జవాబు రూలు పుస్తకంలో కూడా ఉండదు. దర్జీ ఆవిడ టేపు చుట్టిన చేత్తోనే తెరని ఆయన వైపుకి తిప్పింది. సూపరింటెండెంటు వంగి చూశాడు. లెక్కపెట్టే మనిషి చెబుతోంది. విను. చిన్న గీత వెలుగుతోంది, ఆరుతోంది, అచ్చం ఎవరో ఎదురుచూస్తున్నట్టు. ఆయన తల తిప్పి, పీట లాంటి ఆ పొట్టి స్టూలు మీద తల దించుకుని కూర్చున్న పేజీలమ్మని చూశాడు. మళ్ళీ తెరని చూశాడు. చేతిలోని ముద్ర ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు నిలబడి, చివరికి దాన్ని సిరాపట్టీతో సహా బల్ల మీద పెట్టి, గోడ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బైండరు తెల్లకాగితాల కట్ట ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టి, తనూ అక్కడే నిలబడ్డాడు.

"ఊఁ, చెప్పండి" అన్నాడు సూపరింటెండెంటు. "మొదటి నుంచి."

పేజీలమ్మ పెన్సిలు పక్కన పెట్టి పెన్ను తీసుకుంది.

"గుమ్మం దగ్గర పద్నాలుగు జతల చెప్పులుండేవి" అని మొదలుపెట్టింది.